మంది ఎక్కువైతే మజ్జిగ పలచన: సాఫ్ట్‌వేర్ పనిపై ఫ్రెడ్ బ్రూక్స్ లెక్క

ప్రాజెక్టు ఆరు వారాలు వెనకబడింది. క్లయింటు గుర్రుగా ఉన్నాడు. శుక్రవారం సాయంత్రం కాల్‌లో మేనేజర్ పరిష్కారం చెబుతాడు: ‘సోమవారం నుంచి ఇంకో నలుగురిని ఇస్తున్నాం’. రాత్రి పదింటి దాకా కుర్చీకి అతుక్కుపోతున్న టీమ్‌కి ఈ మాట ఊరటనివ్వాలి. కానీ అనుభవం ఉన్నవాళ్లు ఏమీ మాట్లాడరు. వచ్చే నలుగురికీ యాక్సెస్‌లు ఇప్పించాలి, కోడ్ వివరించాలి, ఏ పని ఎవరిదో మళ్లీ పంచాలి. అదంతా చేయాల్సింది ఇప్పటికే ఊపిరి సలపని ఈ టీమే.

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవారికి ఇది కొత్త దృశ్యం కాదు. అమెరికాలో అర్ధశతాబ్దం కిందటే ఒక ఇంజినీరు దీనిమీద పుస్తకం రాశారు. ఆయన పేరు ఫ్రెడరిక్ బ్రూక్స్. అందరూ ఫ్రెడ్ బ్రూక్స్ అంటారు. ‘ది మిథికల్ మ్యాన్ మంత్’ అనే ఆ పుస్తకం 1975లో వచ్చింది. ఇప్పటికే ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు మనుషుల్ని కలిపితే అది మరింత ఆలస్యమవుతుందని అందులో ఆయన తేల్చారు. దానికి బ్రూక్స్ నియమం అని పేరు స్థిరపడింది. మనకు ‘మంది ఎక్కువైతే మజ్జిగ పలచన’ అనే సామెత ఉంది. సామెతలో పోయేది చిక్కదనం ఒక్కటే. బ్రూక్స్ చెప్పిన చోట మజ్జిగ వచ్చే వేళ కూడా దాటిపోతుంది.

ఆయన ఈ మాట బయట నిలబడి చెప్పలేదు. తన చేతి మీదుగా నడిచిన ప్రాజెక్టు గతి తప్పాక, ఎందుకు తప్పిందో పదేళ్లు ఆలోచించి చెప్పారు.

ఐబీఎం పెట్టిన పందెం

1931లో నార్త్ కరోలినాలో పుట్టిన బ్రూక్స్ డ్యూక్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివారు. హార్వర్డ్‌లో కంప్యూటర్ మార్గదర్శకుల్లో ఒకరైన హోవర్డ్ ఐకెన్ దగ్గర పరిశోధన చేసి, 1956లో డాక్టరేట్ తీసుకుని ఐబీఎంలో చేరారు.

ఆ రోజుల్లో ఒక మోడల్ కంప్యూటర్ కోసం రాసిన ప్రోగ్రామ్ మరో మోడల్‌పై నడిచేది కాదు. ఐబీఎం అమ్మే యంత్రాల మధ్యే పొంతన ఉండేది కాదు. చిన్న యంత్రం కొన్న సంస్థ పెరిగి పెద్ద యంత్రానికి మారితే ప్రోగ్రాములన్నీ మళ్లీ రాయించుకోవాల్సిందే. దీనికి విరుగుడుగా, చిన్నదాని నుంచి పెద్దదాని దాకా ఒకే ప్రోగ్రామ్ నడిచే కంప్యూటర్ల కుటుంబాన్ని ఐబీఎం తలపెట్టింది. అదే 1964 ఏప్రిల్ 7న ప్రకటించిన సిస్టమ్/360. దాని మీద కంపెనీ సుమారు 500 కోట్ల డాలర్లు పందెం కాసిందని చెబుతారు. ఆ కుటుంబం రూపకల్పనకు సారథి బ్రూక్స్. ప్రధాన ఆర్కిటెక్ట్ జీన్ ఆమ్డాల్.

ఆ రూపకల్పనలో తీసుకున్న ఒక నిర్ణయం ఈ వ్యాసం అక్షరాల దాకా వచ్చింది. అప్పటి ఐబీఎం యంత్రాల్లో ఒక్కో అక్షరానికి 6 బిట్లు కేటాయించేవారు. 6 బిట్లతో 64 గుర్తులే వీలవుతాయి. ఇంగ్లిష్ పెద్దబడి అక్షరాలు, అంకెలు, కొన్ని విరామ చిహ్నాలు పెట్టేసరికి చోటు నిండిపోతుంది. చిన్నబడి అక్షరాలకే దిక్కులేదు. బ్రూక్స్ 8 బిట్ల బైట్ వైపు మొగ్గారు. గుర్తుల సంఖ్య 256 అయింది. తన జీవితంలో అన్నిటికంటే ముఖ్యమైన సాంకేతిక నిర్ణయం ఇదేనని ఆయన తర్వాత చెప్పుకున్నారు. 1991లో భారత ప్రమాణాల సంస్థ ఆమోదించిన ఇస్కీ కోడ్ ఈ 256 గడుల్లో పై సగంలోనే భారతీయ లిపులను సర్దింది. ఇప్పుడు యూనికోడ్‌ను యూటీఎఫ్-8 పద్ధతిలో దాచినప్పుడు ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు పడతాయి. ‘తెలుగు’ అన్న మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు ఉన్నాయి కాబట్టి మొత్తం 18 బైట్లు.

హార్డ్‌వేర్ వరకు పందెం నెగ్గింది. చిక్కంతా దాని ఆపరేటింగ్ సిస్టమ్, ఓఎస్/360 దగ్గర వచ్చింది. 1964లో బ్రూక్స్ ఆ బాధ్యత తీసుకున్నారు. పని ఉధృతంగా సాగిన దశలో వెయ్యి మందికి పైగా దాని మీద ఉన్నారు. 1963 నుంచి 1966 దాకా దాని రూపకల్పనకు, తయారీకి, పత్రాలకు కలిపి దాదాపు 5,000 మంది ఏడాది పాటు చేసేంత పని ఖర్చయిందని ఆయన అంచనా. అయినా అది ఆలస్యంగానే వచ్చింది, అనుకున్నదానికంటే ఎక్కువ మెమరీ మింగింది, మొదటి కొన్ని విడుదలల దాకా సరిగ్గా పనిచేయలేదు.

అంతమందికి ఒకరు చేస్తున్నది మరొకరికి తెలియడం కోసం ప్రాజెక్టు వివరాలన్నీ ఒక వర్క్‌బుక్‌లో పెట్టి ప్రతి ప్రోగ్రామర్‌కూ అందుబాటులో ఉంచారు. ఆరు నెలల్లో దాని మందం ఐదడుగులకు చేరింది. రోజూ వచ్చే మార్పుల కాగితాలే సుమారు 150 పేజీలు. వాటిని పాత పేజీల మధ్య సరైన చోట చేర్చుకోవడమే ఒక పనైపోయి, చివరికి మైక్రోఫిష్ ఫిల్ములకు మారాల్సి వచ్చింది.

పదిమందా, నూటయాభై మందా?

ఆ పుస్తకంలో బ్రూక్స్ ఒప్పుకున్న తప్పులు చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి కాస్త వివరంగా చెప్పుకోదగ్గది.

ఓఎస్/360 ఎలా ప్రవర్తించాలో నిర్దేశించే స్పెసిఫికేషన్లు రాయాలి. ఆర్కిటెక్చర్ మేనేజర్ దగ్గర పదిమంది గట్టి మనుషులున్నారు. తాము రాస్తే సరిగ్గా రాస్తామనీ, పది నెలలు పడుతుందనీ ఆయన చెప్పాడు. షెడ్యూల్ ప్రకారం ఉన్నది ఏడు నెలలే. పక్కన కంట్రోల్ ప్రోగ్రామ్ మేనేజర్ దగ్గర 150 మంది ఉన్నారు. మాకిస్తే గడువులోపు ముగిస్తాం, లేదంటే ఈ 150 మందీ పది నెలలు గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలి అని ఆయన వాదన. అలా ఇస్తే మూడు నెలల ఆలస్యం ఎలాగూ తప్పదు, పైగా నాణ్యత దెబ్బతింటుంది అని మొదటి మేనేజర్ హెచ్చరించాడు.

బ్రూక్స్ ఆ పనిని 150 మందికి ఇచ్చారు. మొదటి మేనేజర్ చెప్పిన రెండూ జరిగాయి. గడువు మూడు నెలలు దాటింది, నాణ్యత పోయింది. ఒకే ఆలోచన నుంచి పుట్టాల్సిన వ్యవస్థ ముక్కలుముక్కలుగా తయారవడం వల్ల తప్పులు వెతికి సరిచేసే పనికి ఏడాది అదనంగా పట్టి ఉంటుందని ఆయన లెక్కగట్టారు.

ఆయన ఎందుకలా చేశారన్నది ఏ ఆఫీసులోనైనా ఇట్టే అర్థమవుతుంది. గడువు కళ్లముందు ఉంది. 150 మంది జీతాలు నడుస్తున్నాయి. ఖాళీగా ఉన్న మనిషి కంటపడితే మేనేజర్‌కు నిద్రపట్టదు. మనవాళ్లు ‘బెంచ్’ అని పిలిచే దాని భయం ఇదే.

1965లో బ్రూక్స్ ఐబీఎం వదిలి చాపెల్ హిల్‌లోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడ కంప్యూటర్ సైన్స్ విభాగాన్ని స్థాపించి 20 ఏళ్లు నడిపారు. వెళ్లేముందు ఐబీఎం అధినేత టామ్ వాట్సన్ ఆయన్ని ఒక ప్రశ్న అడిగారు. హార్డ్‌వేర్ కంటే సాఫ్ట్‌వేర్‌ను సంభాళించడం ఎందుకింత కష్టం? దానికి ఆలస్యంగా ఇచ్చిన జవాబే పదేళ్ల తర్వాత వచ్చిన ఆ పుస్తకం.

నెలలు, మనుషులు మారకం కావు

జవాబు మొదలయ్యేది కొలమానం దగ్గర. సాఫ్ట్‌వేర్ పనిని ‘మ్యాన్ మంత్’లలో కొలుస్తారు. ఇప్పుడు ‘పర్సన్ మంత్’ అంటున్నారు. ఒక మనిషి ఒక నెలలో చేసే పని అని అర్థం. 12 మనిషి-నెలల పనిని ముగ్గురు నాలుగు నెలల్లో, ఆరుగురు రెండు నెలల్లో, పన్నెండుగురు ఒక నెలలో చేస్తారని ఈ కొలత సూచిస్తుంది. ఖర్చు లెక్కకైతే ఇది సరిపోతుంది. సమయం లెక్కకు పనికిరాదు.

ఇలాంటి కొలత మన ఊళ్లకు తెలియనిది కాదు. ఉపాధి హామీ పనుల్ని పనిదినాల్లోనే లెక్కిస్తారు. వరి నాట్లకు అది చక్కగా సరిపోతుంది. ఎకరానికి ఇంతమంది అనుకుంటే, రెట్టింపు కూలీలొస్తే సగం పొద్దుకే ముగుస్తుంది. మడిలో ఈ చివర ఉన్న మనిషి ఆ చివర ఉన్నామెను ఏమీ అడగక్కర్లేదు. బావి తవ్వకానికి వచ్చేసరికి ఇది చెల్లదు. అడుగున గడ్డపార వేయడానికి ఇద్దరికో ముగ్గురికో చోటుంటుంది. గట్టు మీద ఇరవైమంది నిలబడినా తవ్వకం వేగం పెరగదు. ఇక పంట కాలం ఉంది. నాలుగు నెలల పంట పొలంలో ఎందరు దిగినా నాలుగు నెలలకే కోతకొస్తుంది.

సాఫ్ట్‌వేర్ పనిలో ఈ మూడూ కలిసి ఉంటాయి. వాటికి తోడు నాట్లలోనూ బావిలోనూ లేనిది ఇంకొకటి ఉంటుంది. అదే మాటల ఖర్చు. ఒకరు రాసిన భాగం మరొకరి భాగంతో అతకాలి. అందుకు ఇద్దరూ మాట్లాడుకోవాలి. ఇద్దరుంటే ఒక జత. ఐదుగురుంటే 10 జతలు. పదిమందైతే 45. యాభై మందైతే 1,225. మనుషుల సంఖ్య n అయితే జతలు n(n−1)/2. అంటే మనుషులు రెట్టింపైతే జతలు ఇంచుమించు నాలుగింతలవుతాయి. అందరూ అందరితో మాట్లాడే అవసరం రాకుండా పని పంచుకోవచ్చు. ఆ పంపకం బాగా జరగాలంటే దానికీ సమయం కావాలి, అది ముందే జరగాలి.

ఒక ఊహాలెక్క చూస్తే నియమం ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది. ఆరుగురి టీమ్‌కు ఇంకా 12 మనిషి-నెలల పని మిగిలింది. వాళ్లను వాళ్ల మానాన వదిలేస్తే రెండు నెలల్లో ముగుస్తుంది. క్లయింటు ఒక నెలలో కావాలన్నాడు. మేనేజర్ ఇంకో ఆరుగురిని తెచ్చాడు. కాగితం మీద పన్నెండుగురు, ఒక నెల, లెక్క సరిపోయింది.

మొదటి నెలలో కొత్త ఆరుగురు పని నేర్చుకుంటారు. ఇద్దరికొకరు చొప్పున పాతవాళ్లలో ముగ్గురు నేర్పడానికే పోతారు. అసలు పని చేసేది మిగిలిన ముగ్గురు. నెలాఖరుకు అయిన పని 3, మిగిలింది 9. ఆరుగురి కోసం పంచిన పనిని పన్నెండుగురికి మళ్లీ పంచి, కొత్తగా ఏర్పడిన అతుకులన్నీ పరీక్షించడానికి ఇంకో 2 కలిసి 11 అయిందనుకుందాం. రెండో నెలలో పన్నెండుగురూ చేస్తారు. కానీ జతలు 15 నుంచి 66కి పెరిగాయి. ఐదో వంతు సమయం కాల్స్‌కు పోతే చేతికి వచ్చే పని 9.6. ఇంకా 1.4 మిగిలి, పని మూడో నెలలోకి వెళ్తుంది. ఆరుగురే ఉంటే రెండో నెలాఖరుకు ముగిసేది, 12 మనిషి-నెలల ఖర్చుతో. ఇప్పుడు రెండు నెలలకే 24 ఖర్చయ్యాయి, పని ముగియనే లేదు.

ఇందులో అంకెలు మారిస్తే ఫలితం మారుతుంది. గడువు ఇంకా చాలా ఉన్నప్పుడు కొత్తవాళ్లు వస్తే నేర్చుకునే నెల ఖర్చు తర్వాత తిరిగి వస్తుంది. పని సులువుగా విడిపోయేదైతే మాటల ఖర్చు తగ్గుతుంది. తన నియమం మోటు సరళీకరణేనని బ్రూక్స్ మొదటే ఒప్పుకున్నారు. తర్వాత అబ్దెల్ హమీద్, మాడ్నిక్ అనే పరిశోధకులు నమూనా కట్టి చూస్తే, మనుషుల్ని కలిపితే ఖర్చు ఎప్పుడూ పెరుగుతుందనీ, ఆలస్యం మాత్రం ప్రతిసారీ పెరగదనీ తేలింది. 1995లో పుస్తకం ఇరవయ్యేళ్ల సంచిక తెచ్చినప్పుడు బ్రూక్స్ దీన్ని కూడా చర్చించారు. మోటుగా చెప్పిన నియమమైనా, కంగారులో ఉన్న మేనేజర్‌కు మొదట గుర్తుకు రావాల్సింది అదేనన్నది ఆయన వైఖరి.

మరి ఏం చేయాలి? ఆలస్యమైందని తెలిసినప్పుడు కొత్త షెడ్యూల్ వేయాలి, అదీ మళ్లీ మళ్లీ జరపక్కర్లేనంత పెద్దగా వేయాలి. లేదా చేయాల్సిన పనిని తగ్గించాలి. రెండూ క్లయింటుకు నచ్చని మాటలే. అందుకే ఇది లెక్కతో పాటు ధైర్యానికి సంబంధించిన విషయం కూడా అని బ్రూక్స్ భావన. ప్రోగ్రామర్లు స్వభావరీత్యా ఆశావాదులు, మేనేజర్లు అంచనాను సమర్థించుకోలేక క్లయింటు కోరిన తేదీకి తలూపుతారు. ఇలా పుట్టిన తేదీ ఒక్కో రోజు చొప్పున జారుతూ పోతుంది. ఒక్కసారే పెద్ద ప్రమాదం జరిగితే అందరికీ తెలుస్తుంది. ఒకరికి జ్వరం, సర్వర్ డౌన్, ఒక మీటింగ్ వాయిదా, ఇలా పోయే రోజులు ఎవరి కంటా పడవు. ‘తొంభై శాతం అయిపోయింది’ అన్న స్టేటస్ రిపోర్టు ఎన్ని వారాలు అలాగే ఉండగలదో ఈ రంగంలో ఉన్నవారికి చెప్పక్కర్లేదు. అందుకే మైలురాళ్లు అవునా కాదా అని తేల్చి చెప్పగలిగేలా ఉండాలన్నారు ఆయన.

బ్రూక్స్ రాసింది ఒకే కంపెనీ లోపలి అనుభవం. భారతదేశపు ఐటీ సేవల పరిశ్రమలో ఇంకో మెలిక ఉంది. ఇక్కడ చాలా కాంట్రాక్టులు ‘టైమ్ అండ్ మెటీరియల్’ పద్ధతిలో ఉంటాయి. ఎంతమంది ఎన్ని గంటలు పనిచేశారో దాన్నిబట్టి బిల్లు. బ్రూక్స్ భ్రమ అన్న కొలమానం ఇక్కడ సాక్షాత్తూ అమ్మకపు సరుకు. పై ఊహాలెక్కలో 12 పట్టాల్సిన పనికి 24 దాటితే, ఈ పద్ధతిలో బిల్లూ రెట్టింపు దాటుతుంది. మనుషుల్ని కలపవద్దని గట్టిగా చెప్పే ఆసక్తి ఆ బిల్లు వేసే వైపు ఎంత ఉంటుంది? అదే ‘ఫిక్స్‌డ్ ప్రైస్’ కాంట్రాక్టయితే అదనపు ఖర్చు వెండర్ నెత్తిన పడుతుంది, మనుషుల్ని కలపరు. ఉన్నవాళ్ల రాత్రులు, శని ఆదివారాలు కలుస్తాయి. అవి ఏ పట్టికలోనూ మనిషి-నెలలుగా నమోదు కావు.

కోడ్ రాయడం ఆరో వంతు

ఒక ప్రాజెక్టు సమయాన్ని ఎలా పంచాలో బ్రూక్స్ అనుభవం మీద ఒక లెక్క ఇచ్చారు. మూడో వంతు ప్రణాళికకు, ఆరో వంతు కోడ్ రాయడానికి, నాలుగో వంతు భాగాల పరీక్షకు, మరో నాలుగో వంతు మొత్తం వ్యవస్థ పరీక్షకు. సాఫ్ట్‌వేర్ అంటే కోడ్ రాయడమే అనుకునేవారికి ఇది వింతగా కనిపిస్తుంది. పరీక్షకు సగం సమయం! ఆ సగాన్ని షెడ్యూల్‌లో పెట్టనివాళ్లకు ఆలస్యం సంగతి చిట్టచివర, డెలివరీ తేదీ ముంగిట తెలుస్తుంది.

ఈ ఆరో వంతు ఇప్పుడు మళ్లీ ప్రస్తావనకు రావాలి. కృత్రిమ మేధ పరికరాలు కోడ్‌ను క్షణాల్లో రాసిస్తున్నాయి. ఇంజినీర్ల పని పదింతలు వేగవంతమవుతుందన్న మాట బోర్డు రూముల నుంచి కాలేజీ క్యాంపస్‌ల దాకా వినిపిస్తోంది. బ్రూక్స్ పంపకం ప్రకారం లెక్క వేస్తే, కోడ్ రాసే సమయం పూర్తిగా సున్నా అయినా మిగిలిన ఆరింట ఐదు వంతులు అలాగే ఉంటాయి. మొత్తం మీద వేగం 1.2 రెట్లే అవుతుంది. ఒక భాగాన్ని ఎంత వేగవంతం చేసినా మిగతా భాగమే హద్దు గీస్తుందన్న ఈ సూత్రాన్ని 1967లో కంప్యూటర్ ప్రాసెసర్ల విషయంలో చెప్పింది సిస్టమ్/360లో బ్రూక్స్ సహచరుడైన ఆమ్డాలే. ఇప్పటి పరికరాలు పరీక్షలు రాయడంలో, తప్పులు పట్టడంలో కూడా సాయపడుతున్నాయి కాబట్టి ఆ 1.2 దగ్గరే ఆగిపోతుందని అనలేం. పదింతలు కావాలంటే మాత్రం అన్ని భాగాలూ పదో వంతుకు దిగాలి.

దిగగలవా? 1986లో ‘నో సిల్వర్ బులెట్’ అనే వ్యాసంలో బ్రూక్స్ దీని గురించే రాశారు. సాఫ్ట్‌వేర్ కష్టం రెండు రకాలన్నారు. ఒకటి మన పనిముట్ల వల్ల వచ్చేది. మొండి భాషలు, నెమ్మది యంత్రాలు ఇలాంటివి. ఇది తగ్గుతూ వస్తోంది. రెండోది సమస్యలోనే ఉన్నది. ఉదాహరణకు జీతాల సాఫ్ట్‌వేర్ తీసుకుంటే, కరవు భత్యం నియమాలు, పాత బకాయిలు, సగం నెలలో బదిలీ అయిన ఉద్యోగి, ఏటా మారే పన్ను శ్లాబులు అన్నీ అందులో ఉండాల్సిందే. ఏ భాషలో రాసినా, ఎవరు రాసినా ఆ చిక్కు పోదు. అది మనుషుల వ్యవహారంలోని చిక్కు. రాబోయే పదేళ్లలో ఏ ఒక్క సాంకేతికతా పదింతల మెరుగుదల తేలేదన్నది ఆయన అంచనా. అప్పటికే ఆశలు రేపుతున్న కృత్రిమ మేధను కూడా ఆ జాబితాలో పరిశీలించి పక్కన పెట్టారు.

ఆ వ్యాసం చదివి బ్రూక్స్‌ను నిరాశావాదిగా లెక్కగట్టినవారున్నారు. ఆయన జీవితం అలా లేదు. చాపెల్ హిల్‌లో ఆయన బృందం జీవరసాయన శాస్త్రజ్ఞుల కోసం ప్రోటీన్ అణువుల్ని తెరమీద త్రిమితీయంగా చూపే వ్యవస్థలు తయారుచేసింది. రెండు అణువులు దగ్గరైనప్పుడు వాటి మధ్య పుట్టే బలాన్ని చేతిపిడి ద్వారా చేతికే తెలిసేలా చేసింది. కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు పనిముట్లు చేసేవాడనీ, ఆ పనిముట్టు వాడేవాడి పని సాగిందా లేదా అన్నదే గెలుపుకు కొలత అనీ ఆయన నమ్మకం. ఏ కాలపు సాంకేతికతతోనైనా, తనంత తాను ఆలోచించే యంత్రం కంటే మనిషి బుద్ధికి తోడు నిలిచే యంత్రం ఎక్కువ సాధిస్తుందని 1990లలోనే వాదించారు. 1999లో ఆయనకు ట్యూరింగ్ అవార్డు వచ్చింది.

1995 సంచికలో ఆయన పాత అభిప్రాయాలు కొన్నిటిని కొట్టేశారు. ప్రతి ప్రోగ్రామరూ ప్రాజెక్టులోని ప్రతి వివరాన్నీ చూడగలగాలన్నది ఐదడుగుల వర్క్‌బుక్ వెనకున్న నమ్మకం. ఎవరి భాగంలోని లోగుట్టు వారి దగ్గరే ఉండాలని డేవిడ్ పార్నాస్ వాదించగా, 1975లో బ్రూక్స్ దాన్ని తోసిపుచ్చారు. ఇరవయ్యేళ్లకు పార్నాసే సరి, తానే పొరబడ్డానని అచ్చులో రాశారు. మొదటి వ్యవస్థను పారేయడానికే కట్టుకోవాలన్న తన ప్రసిద్ధ సలహా కూడా మరీ మోటుదేనన్నారు.

ఓఎస్/360తో పాటు పుట్టిన జేసీఎల్ గురించైతే ఇంకా కటువుగా మాట్లాడారు. ఏ ప్రోగ్రామ్ ఎప్పుడు, ఏ ఫైళ్లతో నడవాలో మెయిన్‌ఫ్రేమ్‌కు చెప్పే భాష అది. ప్రపంచంలో ఎవరూ ఎక్కడా ఇంతకంటే చెత్త కంప్యూటర్ భాషను తయారుచేసి ఉండరనీ, అది తన అజమాయిషీలోనే తయారైందనీ ఆయన చెప్పుకునేవారు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో కోబాల్‌తో పాటు ఆ జేసీఎల్ నేర్చుకుని ఉద్యోగాల్లో చేరిన తెలుగువాళ్లకు ఆయన బాధ బాగానే అర్థమవుతుంది. బ్రూక్స్ 2022 నవంబరు 17న 91 ఏళ్ల వయసులో చాపెల్ హిల్‌లో కన్నుమూశారు. మెయిన్‌ఫ్రేమ్‌లు వాడే బ్యాంకుల్లో ఖాతాలు సరిచూసే రాత్రి బ్యాచ్ పనులు ఇప్పటికీ జేసీఎల్ వరుసలతోనే మొదలవుతున్నాయి.